పురిటికి గవర్నమెంటు ఆస్పత్రికి తీసుకెళ్తే పరువు తక్కువా?

ప్రశ్న: మాది పి.గన్నవరం వైపు ఒక లంక గ్రామం. కౌలుకి అరటి వేస్తాం. పెద్దమ్మాయికి 22 ఏళ్ళు, తొలి కాన్పు. ఏడో నెలలో సీమంతం చేసి ఇంటికి తీసుకొచ్చాం. ఆఖరిసారి బయట చేరింది నవంబరు 10న. మొన్న పీహెచ్‌సీలో పరీక్ష చేసి బీపీ బాగానే ఉంది, రక్తం (హిమోగ్లోబిన్) 9.2 ఉంది అన్నారు. అల్లుడుగారు మస్కట్‌లో పనిచేస్తున్నారు. మా వియ్యపురాలు ఫోన్ చేసి "మా కోడల్ని గవర్నమెంటు ఆస్పత్రిలో పడేస్తారా" అన్నారు. ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌లో అడిగితే మామూలు కాన్పుకి 35 వేలు, ఆపరేషన్ అయితే 65 వేలు, మందులూ బిడ్డ ఖర్చూ వేరే అన్నారు. మా ఆయన నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తానంటున్నారు. ఊరికే చేసేదాంట్లో లోపం ఉంటుందేమోనని నాకూ లోపల భయంగానే ఉంది. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి, కోనసీమ

జవాబు: అమ్మా, అప్పు తేవద్దు. అమ్మాయికి గవర్నమెంటు ఆస్పత్రిలోనే పురుడు పోయించండి. కాకపోతే నొప్పులు మొదలయ్యాక పరుగెత్తడం కాదు, ఈ వారంలోనే వెళ్ళి పేరు రాయించండి. గవర్నమెంటు ఆస్పత్రిలో మంచి జరిగిన కుటుంబాలకీ, ఏడ్చుకుంటూ బయటికొచ్చిన కుటుంబాలకీ ఎక్కువసార్లు తేడా అక్కడే ఉంటుంది.

ముందు "ఊరికే" అన్న మాట సంగతి చూద్దాం. మీ ఆయన కొన్న ఎరువు బస్తా మీద, మీరు కొన్న ఒంటి సబ్బు మీద కట్టిన పన్నుతో ఆ ఆస్పత్రి నడుస్తోంది. అంటే మీ వంతు ముందే కట్టేశారు. 2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం ప్రకారం గవర్నమెంటు ఆస్పత్రి గుమ్మం ఎక్కిన ప్రతి గర్భిణికీ కాన్పు ఉచితం, పెద్దాపరేషన్ అయినా ఉచితం. మందులు, సూదులు, గ్లౌజులు, రక్తమూత్ర పరీక్షలు, స్కానింగ్, ఎక్కించాల్సి వస్తే రక్తం, అన్నీ అందులోనే. మామూలు కాన్పుకి 3 రోజులు, ఆపరేషన్‌కి 7 రోజుల వరకు తిండి పెడతారు. ఇంటినుంచి ఆస్పత్రికీ, అవసరమైతే అక్కడినుంచి పెద్దాస్పత్రికీ, తిరిగి ఇంటికీ బండి ఇస్తారు. పుట్టిన బిడ్డకి ఏడాది నిండేలోపు జబ్బు చేస్తే ఆ వైద్యమూ ఇందులోకే వస్తుంది. దీనికి రైస్ కార్డు ఉండాలన్న షరతు లేదు. మేస్త్రి కూతురికీ మాస్టారి కూతురికీ ఒకే లెక్క.

ఉచితం అన్నంత మాత్రాన చేతినుంచి పైసా పోదని మాత్రం అనుకోకండి. 2017–18లో కేంద్రం చేసిన జాతీయ నమూనా సర్వేలో పల్లెల్లో కాన్పు ఖర్చు సగటున గవర్నమెంటు ఆస్పత్రిలో 2,404 రూపాయలు, ప్రైవేటులో 20,788 రూపాయలు అని తేలింది. ఇది దేశం మొత్తం లెక్క. గవర్నమెంటు ఆస్పత్రిలో కూడా ఆటోకీ, తోడున్నవాళ్ళ భోజనాలకీ, బయట రాసిన ఒకటీ అరా మందుకీ కొంత కర్చవుతుంది. ఒక 5 వేలు చేతిలో పెట్టుకుని వెళ్ళండి. అదే 65 వేలకి నూటికి రెండు చొప్పున నెలకి 1,300, ఏడాదికి 15,600 వడ్డీయే కట్టాలి. అరటి గెల ధర పడిపోయిన ఏడాది ఆ వడ్డీ ఎక్కడినుంచి తెస్తారో మీకే తెలియాలి.

ఇప్పుడు తేదీ సంగతి. ఆఖరి బహిష్టు మొదటిరోజుకి తొమ్మిది నెలలు, ఆపైన ఏడు రోజులు కలపాలి. నవంబరు 10కి తొమ్మిది నెలలు కలిపితే ఆగస్టు 10, మరో వారం కలిపితే ఆగస్టు 17. సరిగ్గా ఆ రోజే కనేవాళ్ళు తక్కువ. అంతకి మూడు వారాల ముందు, అంటే జులై 27 దాటాక ఏ రోజు నొప్పులొచ్చినా అది నెలలు నిండిన కాన్పే.

జులై ఆఖరు, ఆగస్టు అంటే గోదావరి పోటెత్తే కాలం. లంకలో ఉన్నవారికి ఇది నేను చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. కానీ మొదటి హెచ్చరికకి ముందే కొన్ని లంకల దారులు మునిగిపోతాయి. బూరుగులంక రేవు దగ్గర వేసిన గట్టు కొట్టుకుపోయిందని ఏటా వింటూనే ఉంటాం. చీకటి పడ్డాక పడవ దొరకదు, దొరికినా పోటులో ఎక్కించడానికి ధైర్యం చాలదు. అందుకని వరద వచ్చాక ఆలోచిద్దామనుకోకండి. జులై 25 కల్లా అమ్మాయిని రేవుకి అవతల, ఆస్పత్రికి అరగంట దూరంలో ఉన్న చుట్టాలింటికి మార్చేయండి. పిన్నిగారిల్లో, మేనమామగారిల్లో, ఎవరిదైనా ఫరవాలేదు. అలా ఎవరూ లేకపోతే మీ ఊరి నర్సమ్మకి, అంటే ఏఎన్ఎంకి, ఇప్పుడే చెప్పండి. నెలలు నిండిన గర్భిణుల జాబితా ఆమె దగ్గర ఉంటుంది, వరద సూచన రాగానే వాళ్ళని ముందుగా ఆస్పత్రికి తరలించడం మన జిల్లాలో జరిగేదే. ఆ జాబితాలో మీ అమ్మాయి పేరు, సరైన తేదీ ఉన్నాయో లేదో కళ్ళతో చూసుకోండి. పెళ్ళయ్యాక అత్తవారి ఊళ్ళో పేరు నమోదై ఉంటే ఇక్కడి జాబితాలో ఉండకపోవచ్చు. పుట్టింటికొచ్చిన ఆడపిల్లల విషయంలో తరచుగా జరిగే పొరపాటు ఇదే.

తర్వాత, ఏ ఆస్పత్రి అన్నది. పీహెచ్‌సీలో మామూలు కాన్పు చేస్తారు, ఆపరేషన్ చెయ్యరు. మీ అమ్మాయికి రక్తం తక్కువుంది, తొలి కాన్పు, ఇల్లు లంకలో ఉంది. కాబట్టి ఆపరేషన్ థియేటరు, రక్తం ఉన్న చోటికే నేరుగా వెళ్ళాలి. అమలాపురం గానీ కొత్తపేట గానీ, మీకు దగ్గర దారిలో ఉన్న ఏరియా ఆస్పత్రికి పగలు, ఓపీ టైములో ఒకసారి వెళ్ళి ప్రసూతి వార్డు స్టాఫ్ నర్సుని మూడు మాటలు అడగండి. రాత్రి పూట మత్తు డాక్టరుగారు ఉంటారా, పిలిస్తే ఎంతసేపట్లో వస్తారు? రక్తం ఇక్కడే నిల్వ ఉంటుందా, బయటినుంచి తెచ్చుకోవాలా? పుట్టిన బిడ్డకి ఊపిరి అందకపోతే చూసే నవజాత శిశు విభాగం ఉందా, లేకపోతే ఎక్కడికి పంపుతారు?

ఈ మూడింటినీ ఇంతగా ఎందుకు అడగమంటున్నానంటే, గవర్నమెంటు ఆస్పత్రి మీద జనానికున్న కోపంలో ఎక్కువ భాగం ఒక్క సంఘటన చుట్టూనే తిరుగుతుంది. అర్ధరాత్రి నొప్పులతో వెళ్తారు, నాలుగు గంటలు చూస్తారు, "మత్తు డాక్టరుగారు సెలవులో ఉన్నారు, కాకినాడ తీసుకెళ్ళండి" అంటారు. అప్పుడు కాళ్ళూ చేతులూ ఆడక పక్కవీధిలో ఉన్న నర్సింగ్‌హోమ్‌లో చేర్చి 80 వేలు కట్టొస్తారు. ఆ డాక్టరుగారు లేని సంగతి పగలే తెలిసుంటే మొదటే రాజమహేంద్రవరమో కాకినాడో వెళ్ళేవాళ్ళు. కాకినాడ జనరల్ ఆస్పత్రి 1958లో పెట్టిన రంగరాయ వైద్య కళాశాలకి అనుబంధం. రాజమహేంద్రవరం జిల్లా ఆస్పత్రి 2023లో వైద్య కళాశాల వచ్చాక బోధనాస్పత్రి అయింది. బోధనాస్పత్రిలో డ్యూటీ డాక్టర్లు, నర్సులు రాత్రంతా వార్డులోనే ఉంటారు. మంచాలు చాలక రద్దీ ఉంటుంది, నిజమే. కానీ అర్ధరాత్రి రెండింటికి రక్తస్రావం మొదలైతే మత్తు ఇచ్చేవారు, కోసేవారు, బిడ్డని పట్టుకునేవారు ఒకే కప్పు కింద దొరికేది కూడా అలాంటి చోటే. పది మంచాల నర్సింగ్‌హోమ్‌లో చాలామటుకు మత్తు డాక్టరుగారినీ పిల్లల డాక్టరుగారినీ ఫోన్ చేసి పిలిపించాలి, రక్తం కోసం మనిషిని బ్లడ్‌బ్యాంకుకి పంపాలి. ఏసీ గది చూసి సంతోషపడేవాళ్ళు ఈ సంగతి అడగరు. మీరు ప్రైవేటుకి వెళ్ళాల్సి వచ్చినా ఆ మూడు ప్రశ్నలే అక్కడా అడగండి.

ఒక హెచ్చరిక. "ఇక్కడ కుదరదు, సాయంత్రం మా క్లినిక్కి రండి" అని గవర్నమెంటు ఆస్పత్రిలో ఎవరైనా అంటే ఒప్పుకోకండి. "రెఫరల్ చీటీ రాసివ్వండి, పెద్దాస్పత్రికి వెళ్తాం" అని నెమ్మదిగా, గట్టిగా అనండి. చీటీలో కారణం, టైము, అప్పటివరకు ఇచ్చిన మందులు రాయాలి. ఆ చీటీతోనే బండి ఉచితంగా ఇస్తారు, అవతల ఆస్పత్రిలోనూ మొదటినుంచి అన్నీ అడగకుండా చేర్చుకుంటారు.

ఇక పెద్దాపరేషన్ విషయం. మీకు చెప్పిన రెండు ధరల్లోనే ఒక కథ ఉంది: 35 వేలు, 65 వేలు. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు ఆస్పత్రుల్లో పుట్టిన ప్రతి 100 మంది బిడ్డల్లో 63 మంది ఆపరేషన్ ద్వారానే పుట్టారు. గవర్నమెంటు ఆస్పత్రుల్లో ఆ అంకె 26.6. జనాభా మొత్తంలో ఆపరేషన్లు నూటికి పది దాటాక తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గిన దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. బిడ్డ అడ్డం తిరిగినా, మాయ కిందికి ఉన్నా, బిడ్డ గుండె వేగం పడిపోతున్నా ఆపరేషనే ప్రాణం నిలబెడుతుంది, అందులో సందేహం లేదు. అలాంటప్పుడు గవర్నమెంటు డాక్టర్లూ వెంటనే చేస్తారు. అయితే అవసరం లేకుండా చేసిన కోత రెండో కాన్పులో బయటపడుతుంది. పాత కుట్టు మీద మాయ అతుక్కోవడం, కుట్టు విచ్చుకోవడం లాంటి ప్రమాదాలు ప్రతి ఆపరేషన్‌తోనూ పెరుగుతాయి. ముహూర్తం పెట్టించుకుని బిడ్డని బయటికి తీయించే అలవాటు మన దగ్గర బాగా ముదిరింది. నెలలు పూర్తిగా నిండకుండా తీస్తే బిడ్డకి ఆయాసం రావచ్చు, అద్దాల పెట్టెలో పెట్టాల్సి రావచ్చు. వియ్యాలవారు ముహూర్తం మాట ఎత్తితే ఈ సంగతి చెప్పండి.

గవర్నమెంటు ఆస్పత్రిలో "ఎవరూ పట్టించుకోలేదు, పొద్దుటినుంచి అలాగే ఉంచేశారు" అనే మాట మీరు తప్పకుండా వింటారు. కొన్నిసార్లు అది నిజమైన నిర్లక్ష్యమే. చాలాసార్లు మాత్రం అది కాచుకోవడం. తొలి కాన్పులో నొప్పులు మొదలైనప్పటినుంచి పన్నెండు నుంచి పద్దెనిమిది గంటలు పట్టడం మామూలే. ఈ రెంటికీ తేడా ఎలా తెలుసుకోవాలో చెప్తాను. గర్భసంచి ముఖద్వారం 4 సెంటీమీటర్లు తెరుచుకున్నాక నర్సు ఒక గళ్ళ కాగితం మొదలుపెట్టాలి. దాన్ని పార్టోగ్రాఫ్ అంటారు. బిడ్డ గుండె చప్పుడు అరగంటకోసారి, నొప్పులు పది నిమిషాలకి ఎన్నొస్తున్నాయో అరగంటకోసారి, తల్లి బీపీ, ముఖద్వారం ఎంత తెరుచుకుందో నాలుగు గంటలకోసారి ఆ గళ్ళలో నింపాలి. కాగితం మీద ఏటవాలుగా రెండు గీతలుంటాయి. గంటకి సెంటీమీటరు చొప్పున తెరుచుకుంటూ ఉంటే గుర్తులు మొదటి గీతకి ఎడమవైపే పడతాయి. దాన్ని దాటి కుడివైపు జరిగితే డాక్టరుని పిలవాలి, పెద్దాస్పత్రికి పంపాలంటే అప్పుడే ఏర్పాటు చూసుకోవాలి. రెండో గీత దాకా ఊరుకోకూడదు. కాబట్టి "ఏం జరుగుతోంది" అని కేకలేసే బదులు "అమ్మా, గుండె చప్పుడు ఆఖరిసారి ఎన్నింటికి చూశారు, ఎంతుంది" అని అడగండి. నిమిషానికి 120 నుంచి 160 మధ్య ఉండాలి. ఆ ప్రశ్న అడిగినవారి కేసుని నర్సు మళ్ళీ మళ్ళీ చూసి వెళ్తుంది. కాన్పు గదిలోకి తోడుగా ఒక ఆడమనిషిని అనుమతించాలన్నది నియమం. మీరే వెళ్ళండి. అక్కడ కంగారు పడి ఏడ్చే మనిషిని తోడు పంపకండి.

రక్తం 9.2 విషయం వదిలేయకండి. నా దృష్టిలో ఆస్పత్రి ఎంపిక కంటే ఇదే ముఖ్యం. గర్భిణికి 11 ఉండాలి. కాన్పులో రక్తం పోవడం సహజం. 11 ఉన్న తల్లి తట్టుకునేదాన్ని 8 ఉన్న తల్లి తట్టుకోలేదు. పీహెచ్‌సీలో ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. మామూలుగా రోజుకొకటి, 11 కంటే తక్కువున్నవారికి రోజుకి రెండు. మీ అమ్మాయికి రెండు రాశారో లేదో డాక్టరుగారిని అడగండి. దుకాణంలో కొన్న ఖరీదైన ఐరన్ మాత్రే బలమనుకుని దీన్ని పక్కన పడేస్తారు చాలామంది. పనిచేసేది లోపలున్న ఐరన్, అట్టపెట్టె కాదు. మాత్ర పనిచెయ్యకపోవడానికి అసలు కారణం వేసుకునే పద్ధతి. టీ తాగిన వెంటనే, పాలతో, కాల్షియం మాత్రతో కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టదు. కాల్షియం 500 మిల్లీగ్రాములది పొద్దున టిఫిన్ తిన్నాక ఒకటి, రాత్రి అన్నం తిన్నాక ఒకటి వెయ్యండి. ఐరన్ వాటికి కనీసం రెండు గంటలు దూరంగా ఉండాలి. ఒకటి మధ్యాహ్నం భోజనమైన గంటకి నిమ్మరసంతో, రెండోది రాత్రి బాగా పొద్దుపోయాక పడుకోబోయే ముందు. విరేచనం నల్లగా అవుతుంది, అది చెడు కాదు. మలబద్ధకం ఉంటే నీళ్ళు, ఆకుకూర, అరటిపండు పెంచండి, మాత్ర మాత్రం మానకండి. వాంతి వస్తోందని మాత్రలు తలగడ కింద దాచేసే అమ్మాయిలున్నారు, మీ ఎదురుగా మింగించండి.

నెల తర్వాత మళ్ళీ పరీక్ష. ప్రతి నెలా 9వ తేదీన గవర్నమెంటు ఆస్పత్రుల్లో గర్భిణులని డాక్టరుగారే స్వయంగా చూసే ప్రత్యేక రోజు ఉంటుంది. జులై 9న తీసుకెళ్ళండి. అంకె కనీసం ఒక్క పాయింటు పెరిగి 10 దాటితే మాత్రలు పనిచేస్తున్నట్టే. పెరగకపోతే సెలైన్‌లో కలిపి నరంలోకి ఎక్కించే ఐరన్ ఇస్తారు, అదీ ఏరియా ఆస్పత్రిలో ఉచితమే. నెలలు నిండేలోపు ఎక్కాలంటే ఆలస్యం పనికిరాదు. అదే రోజు బ్లడ్ గ్రూపు, మూత్రంలో ఆల్బుమిన్, గ్లూకోజు తాగించి చేసే షుగరు పరీక్ష అయ్యాయో లేదో కార్డులో చూసుకోండి. గ్రూపు నెగెటివ్ అయితే చెప్పడం మరవకండి, బిడ్డది పాజిటివ్ అయితే కాన్పైన 72 గంటల్లోపు తల్లికి యాంటీ-డి ఇంజక్షను పడాలి.

ఆస్పత్రికి తీసుకెళ్ళే సంచి ఇప్పుడే సర్దిపెట్టండి. తల్లీబిడ్డల రక్షణ కార్డు, ఆధార్ నకళ్ళు, స్కానింగ్ కాగితాలు, బ్యాంకు పాసుబుక్కు ఒక ప్లాస్టిక్ కవర్లో, ఎందుకంటే పడవలో తడుస్తాయి. నాలుగు పాత నూలు చీరలు ఉతికి ఎండలో ఆరేసినవి, ముందు విప్పుకునే నైటీలు, బిడ్డకి మెత్తటి గుడ్డలు, టోపీ, ఫ్లాస్కు, బకెట్టు, మగ్గు, చిన్న దోమతెర. బకెట్టు ఎందుకంటే వార్డు బాత్రూముల్లో అవి ఉండవు. శుభ్రత విషయంలో గవర్నమెంటు ఆస్పత్రిని వెనకేసుకురావడం నాకు చేతకాదు. పొద్దున ఆరింటికి కడిగిన బాత్రూము పదింటికి ఎలా ఉంటుందో మీరే చూస్తారు. ఒక మంచానికి నలుగురు చుట్టాలు చేరడం కూడా దానికి కారణమే. మీరు ఇద్దరికి మించి వెళ్ళకండి.

బిడ్డ పుట్టగానే "మగబిడ్డమ్మా, వెయ్యి ఇవ్వండి", "ఆడపిల్లైతే ఐదొందలు" అని చెయ్యి చాపేవాళ్ళు అక్కడక్కడా ఉన్నారు. అది లంచం. ఇవ్వకపోతే బిడ్డని సరిగ్గా చూడరేమోనని భయపడి ఇచ్చేస్తారు. ఇవ్వక్కర్లేదు. "రసీదు ఇస్తే ఇస్తామండి" అంటే చాలామంది పక్కకి తప్పుకుంటారు. వినకపోతే పేరు, డ్యూటీ టైము రాసుకుని ఆస్పత్రి సూపరింటెండెంట్‌కి కాగితం మీద ఇవ్వండి. అక్కడ కదలిక లేకపోతే సోమవారం అమలాపురం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టండి, రసీదు నంబరు తీసుకోండి. మందు బయట కొనమని రాస్తే కూడా "ఇక్కడ స్టాకు లేదని చీటీ మీద రాయండి" అనండి. నిజంగా లేకపోతే రాస్తారు. ఉండి కూడా రాస్తుంటే ఆ మందు లోపలినుంచే వస్తుంది.

ఎప్పుడు బయల్దేరాలి? పట్నంలో ఉన్నవాళ్ళు తొలి కాన్పుకి ఐదు నిమిషాలకో నొప్పి వచ్చేదాకా ఆగొచ్చు. మీరు ఆగకండి. పది నిమిషాలకోసారి క్రమంగా వస్తుంటే 108కి ఫోన్ చెయ్యండి. లంకలో ఉండగానే మొదలైతే బండి ఏ రేవుకి రావాలో మొదటి వాక్యంలోనే చెప్పండి, ఊరి పేరు చెప్తే లంక అవతలి దారిలోకి వెళ్ళిపోవచ్చు. నొప్పులు లేకపోయినా ఉమ్మనీరు పోయినా, రక్తం కనబడినా, తలనొప్పితో కళ్ళు మసకేసినా, మొహం ఉబ్బినా, బిడ్డ కదలిక తగ్గినా అదే పని. కదలిక మీద అనుమానమొస్తే అన్నం పెట్టి ఎడమవైపు పడుకోబెట్టి లెక్కించమనండి. రెండు గంటల్లో పది కదలికలు రాకపోతే తెల్లారేదాకా ఆగొద్దు. అప్పుడు పక్కనున్నది ప్రైవేటు ఆస్పత్రే అయితే అక్కడికే వెళ్ళండి. ప్రాణం మీదికొచ్చినప్పుడు గవర్నమెంటా ప్రైవేటా అని చూడకూడదు. ఇంతకాలం అమ్మాయిని ఏదైనా క్లిష్టమైన సమస్యకి ఒక ప్రైవేటు డాక్టరుగారే చూస్తూ వచ్చి ఉంటే నా సలహా వేరేగా ఉండేది. మీ ఉత్తరంలో అలాంటిది కనబడలేదు.

కాన్పయ్యాక కనీసం 48 గంటలు ఆస్పత్రిలో ఉండాలి. రెండో రోజే వచ్చేస్తామని తొందరపడకండి, ఎక్కువ రక్తం పోవడం లాంటివి ఆ గంటల్లోనే బయటపడతాయి. పుట్టిన గంటలోపు బిడ్డని రొమ్ముకి పెట్టించండి, తేనె, పంచదార నీళ్ళు నాకించనివ్వకండి, ఎవరు చెప్పినా సరే. బీసీజీ, పోలియో చుక్కలు, 24 గంటల్లోపు హెపటైటిస్-బి అక్కడే వేస్తారు. తర్వాత 6, 10, 14 వారాలకి ఊళ్ళోనే ఏఎన్ఎం వేస్తుంది. న్యుమోనియా రాకుండా వేసే పీసీవీ టీకా 2021 నుంచి దేశమంతా ఉచిత పట్టికలోకి వచ్చింది, ప్రైవేటులో ఒక్కో డోసుకే వేలల్లో తీసుకుంటారు. జనన ధ్రువపత్రం ఆస్పత్రిలోనే అడగండి, 21 రోజుల్లోపు నమోదైతే అపరాధ రుసుము ఉండదు. ఇంటికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండి రేవుదాకా దింపుతుంది, అడగందే చెప్పరు, డిశ్చార్జి ముందురోజే అడగండి.

మీ వియ్యపురాలి మాటకి నొచ్చుకోకండి. కొడుకు దేశంకాని దేశంలో ఉన్నాడు, కోడలి గురించి ఆవిడకున్న దిగులే ఆ మాటగా వచ్చింది. ఖర్చు సంగతి ఎత్తితే పిసినారితనం అనుకుంటారు. ఆ మాట వద్దు. "వదినగారూ, ఆ నర్సింగ్‌హోమ్‌లో రాత్రిపూట మత్తు డాక్టరుగారు ఉండరట, రక్తం బయటినుంచి తేవాలట. పెద్దాస్పత్రిలో రెండూ ఉన్నాయి, అందుకే అక్కడ పేరు రాయించాం. మీరూ రండి, ఇద్దరం దగ్గరుండి చూసుకుందాం" అనండి. మీరు వెళ్ళి అడిగి తెలుసుకున్నదే చెప్పండి, తెలియనిది చెప్పొద్దు. అల్లుడుగారికి ప్రతి చెకప్ అయ్యాక కార్డు పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి. బీపీ ఎంత, రక్తం ఎంత, బిడ్డ బరువెంత అన్నది అంకెల్లో కనబడుతుంటే అక్కడున్న మనిషికి సగం బెంగ తీరుతుంది. మీ ఆయన తేదలచిన అప్పు డబ్బు మాట మాత్రం ఆ ఇంట ఎత్తకండి.

జులై 9 పరీక్షలో రక్తం ఎంతకి చేరిందో మాకు ఒక ముక్క రాయండి. పెరగకపోయినా రాయండి, అప్పుడు ఏం చేయాలో మాట్లాడుకుందాం.